నలుగురూ నవ్విన ఆలోచన

చలికాలం శుక్రవారం సాయంత్రం దోహాలో మనవాళ్లు ఎక్కడ దొరుకుతారో కతార్‌లో ఉన్నవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అయితే కార్నిష్, లేకపోతే ఏదో ఒక మాల్. మా ఇంట్లో మాత్రం ఎనిమిదేళ్ల మా అమ్మాయిది ఎప్పుడూ ఒకటే మాట: "నాన్నా, మియా పార్క్!" మియా అంటే మ్యూజియం ఆఫ్ ఇస్లామిక్ ఆర్ట్. మ్యూజియం మీద దానికి పెద్ద ప్రేమేం లేదు లెండి. అక్కడి గడ్డిలో పరుగెత్తొచ్చు, నేను కరక్ చాయ్ తాగుతుంటే పక్కన కూర్చుని ఐస్‌క్రీమ్ తినొచ్చు, అంతే.

ఆ గడ్డి మీద కూర్చుంటే రెండు కట్టడాలు కనిపిస్తాయి. ఒకటి, సముద్రంలో తేలుతున్నట్టుండే ఆ తెల్లటి మ్యూజియం. కట్టింది ఐ.ఎం. పెయ్ అనే చైనీస్ అమెరికన్ ఆర్కిటెక్ట్. రెండోది, నీళ్లలోకి చొచ్చుకుపోయిన కట్ట చివర నిలబెట్టిన ఏడు ఉక్కు పలకలు, 24 మీటర్ల ఎత్తు. పేరు కూడా 'ఏడు' అనే. చేసింది రిచర్డ్ సెర్రా అనే అమెరికన్ శిల్పి. చాలామంది దాని ముందు ఫొటో దిగి వచ్చేస్తారు. నేనూ నాలుగేళ్లు అదే చేశాను.

వీళ్లిద్దరి గురించి ఆసక్తి పుట్టి చదవడం మొదలుపెట్టాక ఒక సంగతి తెలిసి ఆశ్చర్యపోయాను. 1989 మార్చి నెలలో, రెండు వారాల తేడాతో, వీళ్లిద్దరి జీవితాల్లోనూ పెద్ద ఘటనలు జరిగాయి. పారిస్‌లో పెయ్‌ని ఏళ్ల తరబడి తిట్టించిన గాజు పిరమిడ్ ప్రారంభమయింది. న్యూయార్క్‌లో సెర్రాని ఏళ్ల తరబడి తిట్టించిన ఉక్కు గోడని రాత్రికి రాత్రి ముక్కలు చేసి తీసుకుపోయారు. ఒకాయన గెలిచాడు, ఒకాయన ఓడిపోయాడు. ఇద్దరూ పట్టు వదలనివాళ్లే. మరి తేడా ఎక్కడుంది?

ఈ ప్రశ్న నాకెందుకు అంటారా? దాని వెనక ఒక చిన్న కథ ఉంది. ముందు అది చెబుతాను.

మా ఉగాది మీటింగు

రెండేళ్ల కిందట ఇక్కడ మేమంతా కలిసి చేసుకునే ఉగాది కార్యక్రమం కోసం ఒక మీటింగు జరిగింది. ఎప్పటిలాగే సినిమా పాటలకి డాన్సులు, ఫ్యాన్సీ డ్రెస్, పులిహోర, లక్కీ డ్రా. నేను లేచి, "ఈసారి పిల్లలచేత తోలుబొమ్మలాట ఆడిద్దాం" అన్నాను. రామాయణం కాదు. కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క ఉంటారు కదా, కథ మధ్యలో వచ్చి అందరినీ నవ్వించేవాళ్లు, వాళ్లనే దోహాకి తీసుకొద్దాం. జుట్టుపోలిగాడు జూన్ ఎండలో స్కూలు బస్సు కోసం నిలబడతాడు, బంగారక్క వాడికి టిఫిన్ బాక్సు కడుతూ తిడుతుంది. ఇదీ నా ఆలోచన.

ఒక్క నిమిషం నిశ్శబ్దం. తర్వాత నవ్వులు. పెద్దాయన ఒకరు ఎంతో ప్రేమగానే అన్నారు: "తమ్ముడూ, ఇది దోహా. నిమ్మలకుంట కాదు."

నిమ్మలకుంట తెలుసు కదా, ధర్మవరం దగ్గరి ఊరు. తోలుబొమ్మల కళాకారుల ఊరు. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ కూడా వచ్చింది.

తమాషా ఏమిటంటే, విమర్శ రెండు వైపుల నుంచీ వచ్చింది. ఒకాయనకి ఇది పాతచింతకాయ పచ్చడి, ఈ కాలం పిల్లలు చూడరు. ఇంకొకావిడకి ఇది సంప్రదాయాన్ని పాడుచెయ్యడం, బంగారక్క టిఫిన్ బాక్సు గురించి మాట్లాడటమేమిటని. పాతదని ఒకరు, కొత్తదని ఒకరు! చివరికి నా పోరు పడలేక పన్నెండు నిమిషాలు ఇచ్చారు.

ఆ పన్నెండు నిమిషాలు ఎలా నడిచాయో నిజాయితీగా చెప్పాలి. బాగా నడవలేదు. అట్టముక్కలతో బొమ్మలు చేశాం, తెర మీద నల్లటి మరకల్లా కనిపించాయి. పిల్లల మాటలు మైకులో పడలేదు. పక్క హాల్లో భోజనాలు మొదలవగానే సగం మంది లేచి వెళ్లిపోయారు. మర్నాడు ఎవరో తీసిన వీడియో ఒకటి పగలబడి నవ్వే బొమ్మలతో సహా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. మా అమ్మాయి అది చూసింది. "నాన్నా, ఐ డోంట్ వాంట్ టు డూ దిస్ ఎనీమోర్" అంది. తెలుగు మాట్లాడుతుందనే కదా నేను ఇదంతా మొదలుపెట్టింది! అసలు బాధ అక్కడ తగిలింది.

ఇక మానేద్దామనుకున్నాను. ఆ రోజుల్లోనే పెయ్, సెర్రాల గురించి చదివాను.

పారిస్‌లో గాజు పిరమిడ్

1983లో ఫ్రాన్స్ అధ్యక్షుడు మిత్తరాఁ లూవ్రు మ్యూజియాన్ని బాగుచేసే పని పెయ్‌కి అప్పగించాడు. ఆ రోజుల్లో లూవ్రు పరిస్థితి ఏమిటంటే, అది పేరుకి మహా మ్యూజియం, లోపల దారి తెలియని కోట. ఒక వైపు భవనమంతా ఆర్థిక మంత్రిత్వ శాఖ చేతిలో ఉండేది. మధ్యలోని ముంగిలి కార్ల పార్కింగ్. వచ్చినవాళ్లకి ఎటు నుంచి లోపలికి పోవాలో తెలిసేది కాదు.

పెయ్ వెంటనే ఒప్పుకోలేదు. కొన్ని నెలలు గడువడిగి, గుట్టుచప్పుడు కాకుండా పారిస్ వెళ్లి ఆ చోటంతా కాలినడకన తిరిగి చూశాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, ముంగిలి కింద తవ్వాలి. మూడు వైపుల భవనాలనీ భూమి లోపల కలపాలి. ఆ లోపలి హాలుకి వెలుతురు కావాలి, పైన ఒక ద్వారం కావాలి. పాత రాజభవనాన్ని కప్పెయ్యకుండా వెలుతురునివ్వాలంటే గాజు కావాలి. దాదాపు 21 మీటర్ల ఎత్తున్న ఆ పిరమిడ్ అలా పుట్టింది. అంటే అది అలంకారం కాదు, ఒక సమస్యకి సమాధానం.

ఊరు మాత్రం అలా చూడలేదు. 1984 జనవరిలో చారిత్రక కట్టడాల కమిషన్ ముందుకి వెళితే అక్కడి పెద్దలు ఎంత విరుచుకుపడ్డారంటే, పెయ్ మాటలని అనువదించాల్సిన మనిషే హడలిపోయి సరిగ్గా అనువదించలేకపోయింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఫ్రెంచి రాజభవనం నడుమ ఈజిప్టు సమాధి ఏమిటన్నారు. ఫ్రెంచివాడు కాని మనిషికి మన లూవ్రు ఏమిటన్నారు.

ఇక్కడే మనం నేర్చుకోవలసిన విషయం ఉంది. అప్పటి పారిస్ మేయర్ జాక్ షిరాక్, "అసలు సైజులో ఒక నమూనా కట్టి జనానికి చూపించండి" అన్నాడు. 1985 మేలో క్రేను సాయంతో కేబుళ్లు లాగి, పిరమిడ్ ఎంత ఎత్తుంటుందో ఎంత జాగా ఆక్రమిస్తుందో గాలిలో గీసి చూపించారు. కొద్ది రోజుల్లోనే సుమారు 60,000 మంది వచ్చి చూశారు. 'ఓస్, ఇంతేనా' అనుకున్నవాళ్లు చాలామందే ఉండి ఉంటారు. వ్యతిరేకత ఒక్కసారిగా పోలేదు గాని, పదును తగ్గింది. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, వాదించడం ఆపి ప్రోటోటైప్ చూపించాడు.

1989 మార్చి చివర్లో పిరమిడ్ ప్రారంభమయింది. 2018లో ఏడాదికి కోటి మందికి పైగా లూవ్రు చూడటానికొచ్చారు. చివరికి అంత జనానికి ఆ ద్వారం కూడా చాలక, 2025 జనవరిలో ఫ్రాన్స్ ఇంకో ద్వారం కడతామని ప్రకటించింది. ఏ సమాధానమైనా శాశ్వతం కాదు మరి!

ఆ పెయ్‌నే రిటైరయ్యాక బతిమాలి దోహాకి రప్పించారు. ఇస్లామిక్ వాస్తుకళ గురించి తనకి తగినంత తెలియదని ఒప్పుకుని, ఆయన నెలల తరబడి తిరిగాడు. స్పెయిన్‌లో కోర్దోబా, మన ఫతేపూర్ సిక్రీ, డమాస్కస్, ట్యునీషియా కోటలు... చివరికి కైరోలో ఇబ్న్ తూలూన్ మసీదు ముంగిట్లో ఉన్న 13వ శతాబ్దపు చిన్న మండపం దగ్గర ఆయనకి కావలసింది దొరికింది. ఎండ పడితే ఒక్కో మట్టం ఒక్కో నీడగా మారే ఆ మండపమే మన మియాకి మూలం. కార్నిష్ మీద చూపించిన స్థలాలన్నీ కాదని, రేపు చుట్టూ ఏ భవనాలు లేచినా దీన్ని మింగెయ్యకూడదని, ఒడ్డుకి 60 మీటర్ల దూరంలో ప్రత్యేకంగా ఒక దీవి కట్టించుకున్నాడు. 2008లో మ్యూజియం ప్రారంభమయ్యేనాటికి ఆయన వయసు 91. ఇవాళ వెస్ట్ బే టవర్లని చూస్తే ఆ ముందుచూపు అర్థమవుతుంది.

న్యూయార్క్‌లో ఉక్కు గోడ

ఇక సెర్రా సంగతి. అమెరికాలో చదువుకున్న మనలో కొందరికి 26 ఫెడరల్ ప్లాజా అంటే ఇమిగ్రేషన్ ఆఫీసే గుర్తొస్తుంది. ఆ భవనం ముందు ఖాళీ స్థలంలో 1981లో సెర్రా 'టిల్టెడ్ ఆర్క్' నిలబెట్టాడు. సుమారు 36 మీటర్ల పొడవు, మూడున్నర మీటర్లకి పైగా ఎత్తు ఉన్న తుప్పురంగు ఉక్కు గోడ, కాస్త ఒంగి ఉంటుంది. చేయించింది ప్రభుత్వమే. ఆయన ఉద్దేశం ఏమిటంటే, దారిన పోయే మనిషి దాని పక్కగా నడుస్తూ తన నడకని, ఆ చోటుని కొత్తగా గమనించాలి.

అక్కడ పనిచేసే ఉద్యోగులకి మాత్రం అది రోజూ చుట్టూ తిరిగిపోవలసిన అడ్డుగోడ. మధ్యాహ్నం కూర్చుని బాక్సు తినే చోటు పోయింది. దాన్ని తీసెయ్యమని సుమారు 1,300 మంది సంతకాలు పెట్టారు. 1985 మార్చిలో మూడు రోజులు బహిరంగ విచారణ జరిగింది. ఉంచమని 122 మంది, తీసెయ్యమని 58 మంది మాట్లాడారు. అయినా కమిటీ 4-1తో తీసెయ్యాలని తేల్చింది. వేరే చోట పెడతామంటే సెర్రా ఒప్పుకోలేదు. ఈ చోటు కోసమే చేశాను, చోటు మారిస్తే అది చచ్చినట్టే అన్నాడు. కోర్టుకెళ్లి ఓడిపోయాడు. 1989 మార్చి 15 రాత్రి దాన్ని విడదీసి తీసుకుపోయారు.

సెర్రాది తప్పా? నేను తీర్పు చెప్పలేను. ఆయన వైపు మాట్లాడినవాళ్లే ఎక్కువమంది. కానీ ఎదురు మాట్లాడినవాళ్లంతా కళ తెలియని మూర్ఖులు కారు. వాళ్లలో చాలామంది రోజూ ఆ దారిన నడిచేవాళ్లు. వాళ్ల ఇబ్బంది నిజం.

దీని తర్వాత ఆయన ఉక్కు పలకలు మానేశాడా అంటే, లేదు. 2011లో మియా పార్కులో 'ఏడు' నిలబెట్టాడు. 2014లో జెక్రీత్ దగ్గర ఎడారిలో నాలుగు పలకలు పాతాడు. కిలోమీటరుకి పైగా దూరం, ఒక్కోటి పదిహేను మీటర్ల అటూ ఇటూ. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా నాలుగింటి తలలూ ఒకే మట్టంలో ఉంటాయి. ఒకదాని నుంచి ఒకదానికి నడుస్తూ పోతుంటే మనం ఎంత చిన్నవాళ్లమో తెలుస్తుంది. నడిచే మనిషి తన నడకని గమనించాలన్న అదే ఆలోచన! కాకపోతే ఇక్కడ ఎవరి దారికీ అడ్డం లేదు. కావాలనుకున్నవాళ్లే బండి వేసుకుని వెళతారు.

ఆలేరు దగ్గర ఆసు యంత్రం

విదేశీయుల కథలే చెబుతున్నాడు అనుకోకండి. మన దగ్గర చింతకింది మల్లేశం గారున్నారు. ఆలేరు దగ్గర శారాజీపేట. నేత కుటుంబం. చదువు ఆరో తరగతితో ఆగింది. ఇక్కత్ చీర నెయ్యాలంటే ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల చుట్టూ చేత్తో దారం చుట్టాలి. ఒక్క చీరకి చెయ్యి సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఆడవాళ్లది. తల్లి లక్ష్మి గారి భుజాల నొప్పి చూడలేక ఆయన 1992లో యంత్రం తయారుచెయ్యడం మొదలుపెట్టారు.

ఇంజినీరింగ్ తెలియదు, డబ్బు లేదు. అప్పులయ్యాయి. ఊళ్లో పిచ్చివాడన్నారు. హైదరాబాద్ వెళ్లి కూలి పని చేస్తూ, మిగిలిన డబ్బుతో ఒక్కో భాగం చేసుకుంటూ వచ్చారు. ఆఖరి చిక్కు ఒకటి ఎంతకీ విడలేదు. 1999లో బాలానగర్‌లో పనికి వెళ్లినచోట ఒక మిషను కదలిక చూశాక అది విడిపోయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. ఆ యంత్రానికి తల్లి పేరే పెట్టారు, లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో పద్మశ్రీ, 2019లో ఆయన మీద సినిమా కూడా వచ్చాయి.

ఏడేళ్లపాటు ఆయన్ని నిలబెట్టింది ఏమిటి? నాకు అర్థమైనంతవరకు, ఆయన ఎవరి కోసం చేస్తున్నారో ఆ మనిషి రోజూ కళ్లముందే ఉంది. ఊరి నవ్వులు వినబడేటప్పుడు కూడా ఆమె భుజం నొప్పి ఎదురుగానే కనబడుతుంది.

విమర్శని ఎలా చదవాలి?

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచింది ఇది. మనం 'విమర్శ' అని ఒకే గంప కింద పెట్టేదాంట్లో కనీసం మూడు రకాలున్నాయి.

మొదటిది ఉత్త నవ్వు. "ఇది దోహా, నిమ్మలకుంట కాదు" లాంటిది. ఇందులో సమాచారం ఏమీ లేదు. మన టీముల్లో "పని చెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాసి పంపే బగ్ రిపోర్టు లాంటిదన్నమాట. దానికి జవాబు వాదన కాదు, నమూనా. కేబుళ్లు లాగి చూపించడమే.

రెండోది, మన ఆలోచన వల్ల ఇబ్బంది పడేవాళ్ల మాట. ప్లాజాలో బాక్సు తినే ఉద్యోగి మాట. అది మనకి ఎంత చేదుగా ఉన్నా వినాలి. ఆలోచనని చంపుకోనక్కర్లేదు, చోటు మార్చొచ్చు, వేళ మార్చొచ్చు.

మూడోది, పని తెలిసినవాళ్ల మాట. ఇది చాలా అరుదు. దొరికితే పరుగెత్తి పట్టుకోవాలి. చిక్కేమిటంటే, దెబ్బ తిన్న మనసుకి ఈ మూడూ ఒకేలా వినిపిస్తాయి. నాకూ అలాగే వినిపించాయి.

మళ్లీ తెర కట్టాం

ఆ మొదటి ఉగాది రోజు ఆట అయ్యాక ఒకావిడ నా దగ్గరకొచ్చారు. అనంతపురం వైపు ఆవిడ, కొడుకు దగ్గరకి విజిట్ వీసా మీద వచ్చారు. "బొమ్మ తెరకి ఆనాలి నాయనా. ఆనకపోతే నీడ మసకబారుతుంది. అట్ట ఎందుకు పెట్టినావు? తోలుని పల్చగా గీకేది ఎందుకనుకున్నావు, వెలుగు పారి రంగు కనబడాలనే" అన్నారు. ఆ రోజు అది నాకు ఇంకో దెబ్బలా తగిలింది. ముక్తసరిగా తలూపి పక్కకి వెళ్లిపోయాను. నాలుగు నెలల తర్వాత గాని, ఆ రోజు హాలు మొత్తంలో నాకు పనికొచ్చిన మాట అదొక్కటేనని తెలిసి రాలేదు. అప్పటికి ఆవిడ ఇండియా వెళ్లిపోయారు. వాళ్లబ్బాయిని అడిగి ఫోన్ చేశాను. "పిన్నీ, తోలు ఎక్కడ తెచ్చేది ఇక్కడ?" అంటే నవ్వి, "వెలుగు పారే వస్తువు ఏదైనా సరే పో" అన్నారు.

స్టేషనరీ షాపులో ప్లాస్టిక్ షీట్లు, రంగు మార్కర్లు కొన్నాం. పిల్లలే గీశారు, పిల్లలే కత్తిరించారు. కీళ్ల దగ్గర దారం ముళ్లు వేశాం. బొమ్మని తెరకి అదిమి పట్టడం నేర్చుకున్నాం. భోజనాలకి ముందు వేళ అడిగి తీసుకున్నాం, అది రెండో రకం విమర్శకి జవాబు. తెర వెనక రెండు మైకులు పెట్టాం. మీటింగులో మళ్లీ నవ్వినవాళ్లకి మా ఇంటి దుప్పటి మీద రెండు నిమిషాలు ఆడి చూపించాం, అది మొదటి రకానికి.

ఈసారి హాలు దద్దరిల్లిందని రాయను. కొందరు ఫోన్లు చూసుకున్నారు. "డాన్సులైతే బాగుండేది" అన్నవాళ్లూ ఉన్నారు. కానీ ఎర్ర చీరలో బంగారక్క తెర మీద రంగుల్లో వెలిగినప్పుడు ముందు వరసలో పిల్లలు ఒక్కసారి "ఓ..." అన్నారు. నిమ్మలకుంట అన్న పెద్దాయన తర్వాత నా దగ్గరకొచ్చి ఏమీ మాట్లాడలేదు. తెర వెనక్కి వెళ్లి, బొమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, దాని చెయ్యి అటూ ఇటూ ఆడించి చూసి పెట్టేశారు.

పెయ్ 2019లో, సెర్రా 2024లో కన్నుమూశారు. వాళ్ల స్థాయి వేరు, మన స్థాయి వేరు. కానీ నలుగురి ముందు ఒక కొత్త మాట అని, నవ్వులు విని, ఇంటికొచ్చి నిద్రపట్టని రాత్రి మాత్రం అందరికీ ఒకటే. మీ డ్రాయరులో కూడా అలాంటిది ఒకటి ఉండే ఉంటుంది. నాటకమో, యాప్‌నో, పిల్లల పుస్తకమో. దాన్ని చూసి ఎవరు ఏమన్నారో ఒక కాగితం మీద రాసి, ఏది ఏ రకమో వేరుచేసి చూడండి. మీకు ఫోన్ చెయ్యవలసిన పిన్నిగారు ఒకరు అందులో దొరకొచ్చు.

పోయిన శుక్రవారం మియా పార్కులో ఐస్‌క్రీమ్ తింటూ మా అమ్మాయి అడిగింది: "నాన్నా, బంగారక్కకి బాగా కోపం వస్తే ఏమని తిడుతుంది?"

తెలుగులోనే అడిగింది. నాకు తెలిసిన తిట్లు అయిపోయాయి. అనంతపురం ఫోన్ చెయ్యాలి.